పండు ఈగల లెక్కలో తప్పు

సంపాదకులు గారికి,

జంట కట్టడం వెనుక ఉన్న సైన్స్ గురించి గత ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివాను. మగజాతి చాలామంది వెంట పడుతుందనీ, ఆడజాతి ఆచితూచి ఒక్కరినే ఎంచుకుంటుందనీ, ఇది ప్రకృతి నియమమనీ అందులో ఉంది. రుజువుగా 1948లో బేట్‌మన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త పండు ఈగలతో చేసిన ప్రయోగాన్ని చూపించారు. ముప్ఫై ఏళ్లకు పైగా జువాలజీ చెప్పినదాన్ని. ఆ ప్రయోగాన్ని నేనూ క్లాసులో అలాగే చెప్పాను.

అప్పట్లో డీఎన్‌ఏ పరీక్షలు లేవు. ఏ పిల్ల ఎవరిదో తెలియడానికి బేట్‌మన్ ఒక్కో ఈగకు ఒక్కో గుర్తు ఉండేలా చూసుకున్నాడు. మెలితిరిగిన రెక్కలు, మరీ చిన్న కళ్లు, అలాంటివి. తల్లి గుర్తూ తండ్రి గుర్తూ రెండూ ఉన్న పిల్ల కనిపిస్తే ఇద్దరూ ఎవరో తెలిసిపోతుంది. చిక్కంతా అక్కడే. ఆ గుర్తులు నిజానికి జన్యు లోపాలు. రెండూ ఒకే పిల్లకు వస్తే అది బతికి పెద్దదవడం కష్టం. చచ్చినవి లెక్కలోకి రాలేదు. 2012లో ప్యాట్రీషియా గోవాటీ అనే జీవశాస్త్రవేత్త బృందం అదే ప్రయోగం మళ్లీ చేసి ఈ సంగతి బయటపెట్టింది. బేట్‌మన్ లెక్కల్లో తల్లుల కన్నా తండ్రులకే ఎక్కువ మంది పిల్లలు తేలారు. ప్రతి పిల్లకూ ఒక తల్లీ ఒక తండ్రీ ఉన్నప్పుడు ఆ తేడా ఎలా వస్తుంది? అన్నేళ్లు పాఠం చెప్పిన నాకు రావాల్సిన అనుమానం అది. రాలేదు.

ల్యాబ్‌లో ఈ ఈగల్ని సీసాల్లో పెంచేవాళ్లం. భూతద్దం పెట్టి చూస్తే మగ ఈగ ఆడదాని వెనకే నడుస్తుంది, ముందుకాలితో తడుతుంది, ఆడదాని వైపున్న ఒక్క రెక్కనే చాచి వణికిస్తుంది. అదే దాని పాట. నచ్చకపోతే ఆడ ఈగ వెనక్కాలితో ఒక్క తన్ను తన్ని వెళ్లిపోతుంది. నచ్చితే ఆగుతుంది. తర్వాత ఇంకో మగ ఈగతోనూ కలుస్తుంది. ఇది కళ్లారా చూస్తూనే పుస్తకంలో ఉన్నది చెప్పాను.

ఆడా మగా మధ్య తేడాలు లేవని కాదు. పిల్లల కోసం ఎక్కువ భారం మోసేవాళ్లే ఎక్కువ ఆచితూచి ఎంచుకుంటారని 1972లో ట్రివర్స్ అనే జీవశాస్త్రవేత్త చెప్పిన మాటకు ఇప్పటికీ బలముంది. అయితే ఆ భారం ప్రతిచోటా ఆడదానిదే కాదు. సముద్రపు గుర్రాల్లో మగదే పొట్ట సంచిలో పిల్లల్ని మోస్తుంది. జకానా పక్షుల్లో మగది గుడ్లు పొదుగుతుంటే ఆడది ఇంకో మగదాన్ని వెతుక్కుంటుంది. మనుషుల బిడ్డకు ఏళ్ల తరబడి పెంపకం కావాలి, అందులో తండ్రులూ ఉంటారు.

మీ వ్యాసం చివర్లో “కాబట్టి మగవాళ్లను తప్పుపట్టలేం” అన్న మాట నన్ను బాగా కలవరపెట్టింది. ఒకసారి క్లాసు అయ్యాక ఒక అమ్మాయి నా దగ్గరికొచ్చి, “అయితే మోసం చేసినా అది వాళ్ల తప్పు కాదా మేడమ్?” అని అడిగింది. “ప్రకృతే అంతమ్మా” అన్నాను. ఆ జవాబు వెనక్కి తీసుకోవాలని ఉంది. 2012 నాటి ప్రయోగం గురించి కూడా దయచేసి అదే పేజీలో, అంతే పెద్దగా వేయించండి.

— ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్