ఈ ఏడాది మన సంఘం పనులు, ఎక్కువ భాగం పైథాన్ గొడవే

సభ్యులందరికీ నమస్కారం. నివేదిక లేటైంది, ఏమనుకోకండి. ఆదివారం క్లాసులు, ఇన్‌స్టాల్ క్యాంపులు ఎప్పట్లాగే నడిచాయి. టైమంతా తినేసింది మాత్రం ఒకటే, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కంప్యూటర్ తన పనులకి వాడుకునే కాపీనీ (సిస్టమ్ పైథాన్) మన ప్రాజెక్టుల పైథాన్‌నీ కలిపేసుకోవడం.

క్యాంపుకి ఒక తమ్ముడు ఉబుంటు 22.04 (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) ఉన్న ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు, టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే విండో) ఐకాన్ ఎన్నిసార్లు నొక్కినా ఓపెనవ్వట్లేదు. అడగ్గా అడగ్గా చెప్పాడు, ఏదో వీడియో చూసి పైథాన్3 అని కొడితే 3.11 వచ్చేలా మార్చేశాడంట. ఆ ఉబుంటుతో వచ్చేది 3.10, టెర్మినల్‌ని లేపే చిన్న స్క్రిప్టు కూడా పైథాన్‌దే, దానికి కావాల్సిన మాడ్యూళ్లు (తోడుగా వాడే కోడ్ ముక్కలు) 3.10 కోసం కంపైలైనవి, ఇంకెలా లేస్తుంది. కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 కొట్టి, నల్ల స్క్రీన్‌లో లాగిన్ అయి పైథాన్3 అంటే మళ్లీ 3.10 వచ్చేలా లింకు వెనక్కి మార్చాం. వాడు అప్పటికే ఫార్మాట్ కొట్టేద్దామని ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేసుకున్నాడు పాపం.

నవ్వుకున్నాం గానీ మన ఆఫీసులోనూ అదే కథ. చందా రసీదుల స్క్రిప్టు మొదటి లైన్లో, ఏ పైథాన్‌తో నడవాలో చెప్పే చోట, ఎన్వ్ పైథాన్3 (ముందు దొరికిన పైథాన్‌తో నడుపు అని) అని రాసి వదిలేశాం (రాసింది నేనే). కోశాధికారి గారు క్లాసు కోసం వెన్వ్ (ఒక ప్రాజెక్టుకే విడిగా ఉండే పైథాన్ ఫోల్డర్) యాక్టివేట్ చేసిన టెర్మినల్లోనే రసీదు తీయబోతే రిపోర్ట్‌ల్యాబ్ (పీడీఎఫ్‌లు తయారుచేసే పైథాన్ లైబ్రరీ) లేదని ఎర్రర్, ఆప్ట్‌లో (సిస్టమ్‌కి సాఫ్ట్‌వేర్ వేసే టూల్‌లో) చూస్తేనేమో ఉంది. ఆయన రెండుసార్లు మళ్లీ ఇన్‌స్టాల్ చేశారు కూడా. యాక్టివేట్ చేస్తే వెన్వ్ బిన్ ఫోల్డర్ పాత్‌లో (కమాండ్ల కోసం సిస్టమ్ వెతికే ఫోల్డర్ల వరసలో) ముందుకొస్తుంది, ఎన్వ్ దాని పైథాన్‌నే పట్టుకుంటుంది, దానికి ఆప్ట్ వేసినవి కనపడవు. ఇప్పుడు /యూఎస్ఆర్/బిన్/పైథాన్3 అని నేరుగా రాశాం, ఉబుంటుకి మూలమైన డెబియన్ వాళ్లు తమ ప్యాకేజీల్లో చేసేదీ ఇదే.

కమిటీలో అనుకున్నది: క్లాసుల్లో సుడో పిప్ (అడ్మిన్ హక్కులతో పైథాన్ ప్యాకేజీలు సిస్టమ్‌లోకి వేయడం) బంద్. ప్రాజెక్టుకో వెన్వ్, కమాండ్‌లా వాడే టూల్స్‌కి పిప్‌ఎక్స్ (ఒక్కో టూల్‌ని దాని సొంత వెన్వ్‌లో వేసేది). 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి పిప్పే సిస్టమ్‌లోకి వేయనని మొరాయిస్తోంది, మనవాళ్లేమో బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ అనే ఆప్షన్ తగిలించి మరీ వేస్తున్నారు, పేరులోనే ఉంది కదండీ ఏం జరుగుతుందో. మొదటి రోజే వెన్వ్ అంటే కొత్తవాళ్లు భయపడతారని ఇద్దరు సీనియర్లు అన్నారు, అదీ నిజమే, అందుకే రెండో క్లాసుకి జరిపాం.

లెక్కలు సర్వసభ్య సమావేశంలో పెడతాం. రసీదు అందనివాళ్లు కోశాధికారి గారిని అడగండి, స్క్రిప్టు ఇప్పుడు పనిచేస్తోంది.