మా వదినకు, డిపో అన్నలకు కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మా ఆయన వేలూరు నుంచి చిత్తూరు ఇంటికి వచ్చేశారు. మూలకణాల ట్రాన్స్‌ప్లాంట్ (మార్పిడి) అయ్యాక మొదటి వంద రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేమని డాక్టర్లు అన్నారు. అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ ఏమీ రాయలేదు. ఆ గడువు దాటింది. స్కాన్‌లో జబ్బు కనిపించలేదు.

ఆయనకు వచ్చింది టి-సెల్ లింఫోమా. ఇన్‌ఫెక్షన్లతో పోరాడాల్సిన తెల్లకణాల్లో ఒక రకానికి పట్టే క్యాన్సర్. మొదటి కీమోతో తగ్గినట్టే తగ్గి, మెడ దగ్గర మళ్లీ గడ్డలు లేచాయి. వేరే కీమోతో దాన్ని అణిచి, ఇంకొకరి మూలకణాలు ఎక్కించాలన్నారు. ఆ కణాలు కొత్త రక్తాన్ని తయారు చేయడమే కాదు, మిగిలిన క్యాన్సర్ కణాలను పరాయివని గుర్తుపట్టి చంపగలవట. ఒక్కో తోబుట్టువుతో హెచ్‌ఎల్‌ఏ (కణాలు తనవో పరాయివో ఒళ్లు గుర్తుపట్టే గుర్తులు) పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతే. ఆయనకున్నది ఒకే ఒక్క అక్క. దేవుడి దయ, ఆమెది కలిసింది.

వదినా, పలమనేరులో మీకు ఎవరెవరు ఏమేం చెప్పారో నాకు తెలుసు. వెన్నులోంచి మూలుగ తోడేస్తారని, ఇక బిందె కూడా ఎత్తలేరని భయపెట్టారు. మీరు నేరుగా డాక్టరునే అడిగి తెలుసుకున్నారు. ఆపరేషన్ ఏమీ లేదు. కొన్ని రోజులు ఇంజెక్షన్లు ఇచ్చారు. వాటికి నడుము, ఎముకలు బాగా నొప్పెట్టాయి, అయినా పైకి అనలేదు. తర్వాత ఒక చేతి నుంచి రక్తం తీసి, మెషిన్‌లో మూలకణాలు వేరుచేసి, మిగతాది రెండో చేతికి ఎక్కించారు. ఇచ్చిన కణాలు ఒంట్లో మళ్లీ తయారవుతాయి. మీరిప్పుడు ఎప్పటిలాగే ఆవుల పని చేసుకుంటున్నారు. భయపెట్టినవాళ్లు ఒకసారి వచ్చి చూడాలి. మీరు లేనన్నాళ్లూ పాలు పితికిన మీ అత్తగారికి, వెంట ఉన్న అన్నయ్యకు నా దండాలు. ఓ పాజిటివ్‌గా ఉన్న మీ తమ్ముడి రక్తం ఇప్పుడు మీ బి పాజిటివ్‌కు మారుతోంది.

డిపో అన్నలకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. ప్లేట్‌లెట్లు అయిదు రోజులకు మించి నిల్వ ఉండవు. ముందే తీసిపెట్టుకోవడానికి లేదు. ఎప్పుడు పడిపోతాయో తెలియని టెన్షన్‌లో నేనుంటే, వీక్లీ ఆఫ్ రోజు కూడా ఇంట్లో ఉండకుండా బస్సెక్కి వచ్చి ఇచ్చారు. బ్లడ్ బ్యాంకు అడిగిన గ్రూపు వాళ్లను మీలో మీరే చూసుకుని పంపారు. నేను ఒక్కరికీ రెండోసారి ఫోన్ చేయాల్సిన పని పడలేదు.

1986లోనే తమ మొదటి మూలుగ మార్పిడి చేసిన వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో, నోరంతా పుండ్లై ఆయన నీళ్లు కూడా మింగలేని రోజుల్లో చూసుకున్న నర్సమ్మలకు రుణపడి ఉన్నాను. కాణిపాకం ప్రసాదం తెచ్చిన పక్కింటి అక్కా, వార్డులోకి పూలు, బయటి తిండి రానివ్వరని అది నేనే తిన్నాను. మీ మొక్కు ఆయనకు చేరింది.

గండం పూర్తిగా గడిచిందని కాదు. కొత్త కణాలు ఒంటి మీద తిరగబడకుండా మందులు వాడుతున్నారు, చర్మం మీద దద్దుర్లు వచ్చి పోతున్నాయి. చిన్నప్పుడు వేసే టీకాలన్నీ ఆయనకు మళ్లీ మొదటి నుంచి వేయించాలి. అందుకని దయచేసి ఇప్పుడే చూడటానికి రావద్దు, మనసులో ఏమీ అనుకోవద్దు. సాయంత్రం ఆరు దాటాక ఫోన్ చేయండి, ఆయనే మాట్లాడతారు.