వన్‌వే ఎత్తేశారు

గుంటూరు,
సోమవారం మధ్యాహ్నం

ఒసేయ్ వసూ,

ముందు నువ్వు తిట్టేసెయ్, తర్వాత చదువుదువు గాని. నీ ఉత్తరం దసరా సెలవుల్లో వచ్చింది, ఇవాళ్టికి మా వీధిలో సంక్రాంతి ముగ్గులు కూడా చెరిగిపోయాయి. రాద్దామని కూచోవడం, కుక్కర్ కూయడం, లేవడం, ఇదే వరస. ఇంటి సంగతులు ఒక్క గుక్కలో చెప్పేస్తాను. మావగారికి రెండో కంటికి కూడా శుక్లం తీయించాం, ఇప్పుడు పేపర్లో అచ్చుతప్పులు పైకి చదివి వినిపిస్తున్నారు. ఈయనకి బదిలీ తప్పింది. పై వాటా ఖాళీ అయింది. మీ పెద్దమ్మ గుళ్ళో కనిపించి నిన్ను అడిగింది. బొబ్బట్ల సంగతి నేనెత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. అయిపోయింది.

ఇప్పుడు విను. నిన్న పొద్దున బాస్కెట్‌బాల్‌లో నేను ఎడమ చేత్తో లేఅప్ వేశాను, అదే, రింగు దగ్గరికి పరిగెత్తి గెంతి వేసేది. ఊరికే కాదు, మ్యాచ్‌లో, ఎదురుగా మనిషి ఉండగా, పరిగెత్తుకుంటూ వెళ్ళి. పడింది!

నమ్మవని తెలుసు. నాకు "వన్‌వే" అని పేరు పెట్టింది నువ్వే కదా, కుడివైపు తప్ప వెళ్ళలేనని. 1999 జోనల్స్ గుర్తుందా? తెనాలి టీంలో ఆ రెండు జడల రాక్షసి నా కుడి పక్కన పాతుకుపోయి, ఆటంతా నన్ను ఒక్కడుగు కదలనివ్వలేదు. నువ్వేమో కోర్టు అవతలి నుంచి "వన్‌వే క్లోజ్!" అని అరిచావు. సొంత టీం పిల్లవి! డ్రిల్లు మాస్టారు కూడా నవ్వేశారు. ఆ పేరు పదో తరగతి గ్రూప్ ఫోటో వెనకాల కూడా రాసి ఉంది, నీ చేతిరాతతోనే. సరే, నీ వన్‌వే ఎత్తేశారని తెలియజేయుటకు సంతోషిస్తున్నాను.

ఎలాగంటావా? మా అమ్మాయి చిన్నిని పోయిన వేసవి నుంచి పొద్దున్నే బాస్కెట్‌బాల్‌కి తీసుకెళ్తున్నాను. నేర్పేది ఒక రిటైరయిన పీఈటీ మాస్టారు. డబ్బులు తీసుకోరు, లేటయితే మాత్రం కోర్టు చుట్టూ పరుగే. మద్రాసు వైఎంసీఏ కాలేజీలో చదివారు, ఆ మాట రోజుకోసారి చెప్పకపోతే ఆయనకి టీ దిగదు. 1920లో ఆ కాలేజీ పెట్టిన బక్ దొర అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదువుకున్నాడట. 1891లో నైస్మిత్ పీచ్ పళ్ళ బుట్టలు బాల్కనీకి కొట్టించి ఈ ఆట మొదలుపెట్టింది కూడా ఆ స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే కదా. "అంటే నేను నైస్మిత్‌కి మనవడి వరసమ్మా" అంటారు. చుట్టరికం కాస్త సాగదీశారనుకో, అయినా పొద్దున్నే ఎవరు వాదిస్తారు?

తల్లులమంతా మెట్ల మీద కూచుని ఫోన్లు చూసుకునేవాళ్ళం. ఒకరోజు బంతి దొర్లుకుంటూ నా కాళ్ళ దగ్గరికొచ్చింది. పిల్లలకి విసిరేస్తే పోయేది. వేళ్ళు ఊరుకోలేదే! అక్కణ్ణుంచే రింగుకి వేశాను. బోర్డుక్కూడా తగల్లేదనుకో. పిల్లలు ఒకటే నవ్వు. మాస్టారు మాత్రం నవ్వలేదు. "ఆ మణికట్టు కొత్తవాళ్ళది కాదు, ఎక్కడ ఆడేవారమ్మా?" అన్నారు. ఇంక నన్నెవరాపగలరు చెప్పు. మర్నాటి నుంచి బూట్లు.

మొదట్లో ఒక బెంగ పట్టుకుంది. బయట నుంచి వేస్తే మూడు పాయింట్లొచ్చే ఆ త్రీ పాయింట్ గీత మీద నుంచి వేస్తే బంతి రింగు దాకా కూడా చేరట్లేదు. వయసైపోయింది, చేతిలో బలం పోయింది అనుకున్నా. తీరా చూస్తే గీతే వెనక్కి జరిగిందటే! మనప్పుడు 6.25 మీటర్లు, 2010 నుంచి 6.75 చేశారట. ప్రాణం లేచొచ్చింది. పైగా ఇప్పుడు ఆడవాళ్ళకి ఆరో నంబరు బంతి, కాస్త చిన్నది. మనం మగపిల్లల ఏడో నంబరుతోనే కుస్తీ పట్టాం, గుర్తుందా? అరచేతిలో ఇమిడేదే కాదు.

మాస్టారు నా రోగం రెండో రోజే కనిపెట్టేశారు. "ఏమ్మా, మీకు ఎడమ పక్క దారి లేదా?" అన్నారు. నాకు నువ్వే ఎదురుగా నిలబడి అన్నట్టనిపించి ఫక్కున నవ్వాను. ఆయన బిత్తరపోయారు పాపం.

ఇంక ఎడమ చెయ్యి అలవాటు చేసుకోవాలని ఇంట్లో నేను చేసిన చోద్యాలు విను. పళ్ళు ఎడమ చేత్తో తోముకున్నా. జుట్టు ఎడమ చేత్తో దువ్వుకున్నా, ఆరోజు ఆఫీసులో ఒంట్లో బాలేదా అని అడిగారు. దోసెలు తిరగేశా, అంతవరకూ ఎవరూ చూడలేదు. మావగారికి పప్పు వడ్డించబోయా చూడు, అత్తయ్యగారు ఒక్క కేక! "ఎడం చేత్తో వడ్డిస్తావా? మతుండే చేస్తున్నావా?" నేను ఆట గురించీ, ప్రాక్టీసు గురించీ చెప్పబోయాను. "ఆటయితే కోర్టులో ఆడుకో, నా విస్తట్లో కాదు." మావగారు మాత్రం కొత్త కంటితో నా ఎడమ చెయ్యే చూస్తున్నారు, పప్పు ఎప్పుడు పడుతుందా అని.

ఇదంతా మాస్టారికి గొప్పగా చెప్తే ఆయన ఒకటే నవ్వు. "పళ్ళు తోమితే పళ్ళు తోమడమే వస్తుందమ్మా. బంతి కావాలంటే బంతే పట్టుకోవాలి." అత్తయ్యగారే గెలిచారన్నమాట. ఆ ముక్క ఇంట్లో చెప్పలేదు, చెబితే ఇంక బతకనివ్వరు.

తర్వాత ఆయన ఏం చేశారో చూడు. జేబులోంచి చాక్‌పీసు తీసి సిమెంటు కోర్టు మీద, రింగుకి ఎడమ పక్కన రెండు పాదాలు గీశారు. ముందు ఎడమది, దాని ముందర కుడిది. కుడి పాదం దగ్గర పైకి బాణం. బంతి ఇవ్వలేదు! ఉత్తినే నడవమన్నారు. ఎడమ, కుడి, గెంతు. కుడికాలి మీద లేవాలి, ఎడమ మోకాలు ఛాతీ దాకా రావాలి, ఎడమ చెయ్యి పైకి సాగాలి. చెబితే ఎంత సులువో! ఇన్నేళ్ళూ దానికి అద్దంలో చూసినట్టు తిరగేసి ఆడిన కాళ్ళు, అవి వింటాయా? రెండో అడుగు దగ్గరికొచ్చేసరికి ఒక చిన్న గెంతు దానంతటదే పడేది, కాళ్ళు మారిపోయేవి. చిన్ని స్నేహితురాళ్ళు "ఆంటీ తొక్కుడుబిళ్ళ ఆడుతోంది" అన్నారు. అననీ. నడక కుదిరాక ఒక్క డ్రిబుల్ వేసి, అంటే బంతిని ఒకసారి నేలకి కొట్టి, అడుగులు. అది కుదిరాక మెల్లగా పరుగు. ఎక్కడైనా చెడితే మళ్ళీ నడకకి రావాల్సిందే, ఆయన దగ్గర మినహాయింపు లేదు. చాక్‌పీసు గీతలు రోజూ చెరిగిపోయేవి, ఆయన రోజూ వంగి గీసేవారు. ఆ వయసులో మోకాళ్ళు పట్టుకుని లేస్తుంటే చూసి నాకు సిగ్గేసి, చివరికి గీయడం నేనే నేర్చుకున్నా.

ఇంకోటి, చూపు. నేను గెంతినప్పుడు బంతినే చూసేదాన్ని. "బంతి మీ చేతిలోనే ఉంది, ఎక్కడికీ పోదు. బోర్డు మీద ఆ నలుచదరం ఉందే, దాని పై మూల చూడండి, మీ వైపుది" అన్నారు. ఆ మూలకి మెత్తగా తగిలిస్తే చాలు, మిగతాది బోర్డే చూసుకుంటుంది. ఇది మనకెవరూ ఎందుకు చెప్పలేదే? చెప్పారేమో, మనం వేరుశనక్కాయలు తింటూ వినలేదేమో.

రింగు కింద నిలబడి కుడి, ఎడమ, కుడి, ఎడమ అని ఆపకుండా వేసే డ్రిల్లు ఒకటుంది, మైకన్ డ్రిల్ అంటారు. జార్జ్ మైకన్ అని పాతకాలపు ఆటగాడు, ఆరడుగుల పది అంగుళాలు, నాలాగే కళ్ళజోడు. కాలేజీలో చేరినప్పుడు ఒళ్ళు వంగక, కాళ్ళు కదలక ఉంటే, కోచ్ రే మేయర్ అతనికి డాన్సు పాఠాలు కూడా పెట్టించాడట! నాకు మాస్టారు డాన్సు పెట్టలేదు, బతికాను. కానీ ఆ డ్రిల్లు రెండు నిమిషాలు చేస్తే చాలు, భుజాలు మన మాట వినవు. మొదటి నెల రాత్రిళ్ళు జండూబామ్ వాసనకి ఈయన హాల్లోకి వెళ్ళి పడుకున్నారు.

ఈయనంటే గుర్తొచ్చింది. మాస్టారు ఒకే చోటి నుంచి వరసగా వెయ్యనివ్వరు. ఒకటి వెయ్యగానే జరగమంటారు. నాకు ఒళ్ళు మండేది, పడుతున్న చోటు వదిలేసి ఎందుకు జరగాలి? ఇంటికొచ్చి సణిగితే ఈయన ఎక్కడో చదివింది మొదలెట్టారు. 1978లో ఎనిమిదేళ్ళ పిల్లలతో ఒక ప్రయోగం చేశారట. చిన్న గింజల సంచులు గురిపెట్టి వెయ్యడం. కొందరు మూడడుగుల దూరం నుంచే ప్రాక్టీసు. ఇంకొందరు రెండడుగులు, నాలుగడుగుల నుంచి, మూడు జోలికే పోలేదు. తీరా పరీక్ష మూడడుగుల్లో పెడితే బాగా వేసింది రెండోవాళ్ళేనట! "అందుకని నువ్వు నాకూ రకరకాల కూరలు..." అని ఏదో అనబోయారు, నేను లేచి వెళ్ళిపోయా. ప్రయోగం మాత్రం నిజమేనే. మ్యాచ్‌లో ఒకే చోటు నుంచి రెండోసారి ఎవరు వెయ్యనిస్తారు?

అన్నట్టు నీకో శుభవార్త. నువ్వు ఫ్రీ త్రో, అదే ఎవరూ అడ్డం రాకుండా గీత దగ్గర నిలబడి వేసేది, కాళ్ళ మధ్యనుంచి రెండు చేతుల్తో ఎత్తి వేసేదానివి, అందరూ "బిందె షాట్" అని ఏడిపించేవాళ్ళం కదా? రిక్ బారీ అని అమెరికాలో పెద్ద ఆటగాడు అచ్చం అలాగే వేసి నూటికి 90 వంతున పడేశాడు. 1962లో విల్ట్ చాంబర్లెయిన్ ఒక్క ఆటలో 100 పాయింట్లు కొట్టాడే, ఆరోజు ఫ్రీ త్రోలు 32 వేస్తే 28 పడ్డాయి, బిందె షాట్లే. తర్వాత నామోషీ అనుకుని మానేశాడు, మళ్ళీ అన్ని ఎప్పుడూ పడలేదు. చూశావా, నీకున్న ధైర్యం ఏడడుగుల మనిషికి లేకపోయింది. ఈ పేరా మీ ఆయనకి చదివి వినిపించు.

సరే మ్యాచ్. నిన్న తల్లులు, కూతుళ్ళు పోటీ పెట్టారు మాస్టారు. ముగ్గురికి ముగ్గురు, సగం కోర్టు. గీత లోపల వేస్తే ఒకటి, బయట నుంచి రెండు, పది నిమిషాలు లేదా 21, ఏది ముందైతే అది. మా జట్టులో నేనూ, ఒక బ్యాంకావిడా, టైలరింగ్ షాపావిడా. బ్యాంకావిడ మూడు నిమిషాలకే నడుం పట్టుకుంది. టైలరావిడ మాత్రం, చూడాల్సిందే, బంతి ఆవిడ చేతిలో పడిందంటే ఎవరూ లాక్కోలేరు, రెండు మోచేతులూ కత్తెర వేస్తుంది.

నా మీద కాపలా ఎవరనుకున్నావ్? చిన్నే! రాగానే నా కుడికాలికి అడ్డంగా తన కాలు పెట్టి నిలబడి, వాళ్ళ జట్టుకి వినబడేట్టు "అమ్మకి కుడివైపొక్కటే వచ్చు" అంది. ఒళ్ళు జలదరించిందే. తెనాలి రాక్షసి నా కడుపునే పుట్టిందా ఏమిటని!

టైలరావిడ గీత అవతల నాకు బంతిచ్చింది. మామూలుగానే కుడికి ఒక భుజం దించాను, అలవాటు కదా, నిజంగానే అటు పోబోయాను. చిన్ని అటు జరిగింది. ఎడమ పక్కంతా ఖాళీ. కోర్టు మీద చాక్‌పీసు గీతలేం లేవు, కానీ నాకు కనబడ్డాయే, ఒట్టు. ఎడమ చేత్తో ఒక డ్రిబుల్. ఎడమ. కుడి. లేచాను. నలుచదరం మూల చూశాను, బంతిని చూళ్ళేదు. వేళ్ళ చివర్ల నుంచి జారింది, బోర్డుకి తగిలింది, రింగు లోపలి అంచు మీద ఒకసారి తిరిగి కిందపడింది.

పడిందా? మా రింగుకి నెట్ ఎప్పుడో చిరిగిపోయింది. "పక్కనుంచి పోయింది!" అని చిన్ని. "లోపలినుంచే!" అని నేను. కన్నకూతురు, వసూ, పట్టపగలు! ఇద్దరం నడుం మీద చేతులు పెట్టుకుని మాస్టారి వైపు తిరిగాం. ఆయన తాపీగా టీ గ్లాసు కింద పెట్టి ఒక వేలు చూపించారు. ఒకటి. పాయింటు.

తర్వాత ఏం జరిగిందో నాకు సరిగ్గా గుర్తులేదు. 11-8తో ఓడిపోయామట. పోతే పోనీ. ఇంటికొచ్చే దారిలో చిన్ని స్కూటీ వెనక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అది నాకూ నేర్పవా" అంది.

రాత్రి నిద్ర పట్టలేదు. ఇంటర్‌లో నాన్న ఇంక చాలు అన్నప్పుడు మనం ఒక్క మాట ఎదురు చెప్పి ఉంటే... నువ్వయినా మీ అన్నయ్యతో... ఏమో. చెప్పినా వినేవాళ్ళా. ఆ బంతి మా అటక మీద ఎన్నాళ్ళు ఉందో, గాలి పోయి చప్పబడి. నీ మోకాలు ఇప్పుడెలా ఉంది, నిజం చెప్పు. మెట్లెక్కుతున్నావా? డాక్టరు గెంతొద్దన్నాడు కానీ నిలబడి వెయ్యొద్దనలేదుగా. ఫ్రీ త్రోకి గెంతక్కర్లేదు, బిందె షాట్‌కి అసలే అక్కర్లేదు. మీ కాలనీ పార్కులో రింగు ఉందని రాశావు కదా, దాని ఎత్తు సరిగ్గా పదడుగులు ఉందో లేదో కనుక్కో. బంతి నేను పంపిస్తా, ఆరో నంబరుది, ఈసారి

అయ్యో, మా ఆడపడుచు వాకిట్లో చెప్పులేసుకుంటోంది. రాత్రి రైలుకి మీ వైజాగే వెళ్తోంది, ఈ ఉత్తరం, గోంగూర సీసా తనకే ఇస్తున్నా. సీసా మూత బిగుతుగా ఉంటుంది, నీళ్ళలో పెట్టి తియ్యి. ఇంకా ఆ తెనాలి పిల్ల ఇప్పుడెక్కడుందో నాకు తెలిసింది, అది చెప్పనే లేదు, నువ్వు నమ్మలేవు, తను ఇప్పుడు

ఆటో హారన్ కొడుతున్నాడు. ఫోన్ చెయ్యకు, రాయి.

నీ రాజ్యం