పాత 'జి' ముద్రను నమ్మి పిల్లల జాబితా వేయొద్దు

సంపాదకులకు నమస్కారం.

సెలవుల ముందు పత్రికలు వేసే 'పిల్లలతో చూడదగ్గ సినిమాలు' జాబితాల గురించి ఈ లేఖ. పాత హాలీవుడ్ చిత్రాలను ఎంచేటప్పుడు అమెరికాలో అప్పుడెప్పుడో వేసిన 'జి' (అన్ని వయసులవారూ చూడొచ్చు) ముద్రను కొలబద్దగా పెట్టుకోకూడదు. ఎందుకో 1971 నాటి 'ఎస్కేప్ ఫ్రమ్ ది ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్' చూస్తే తెలుస్తుంది. దానికీ 'జి' ముద్రే ఉంది.

భవిష్యత్తు నుంచి మూడు మాట్లాడే చింపాంజీలు, కార్నీలియస్, అతని భార్య జీరా, వాళ్ల తోటి మైలో, 1973 నాటి కాలిఫోర్నియా తీరంలో వ్యోమనౌకతో సహా తేలుతాయి. మొదటి సగంలో సరదా ఎక్కువ. కార్నీలియస్‌కు కొత్త సూటు, జీరాకు నురుగుస్నానం, మహిళా క్లబ్బులో ఆమె ఉపన్యాసం. ఇంక ఫరవాలేదని పెద్దవాళ్లు లేచి వంటింట్లోకి వెళ్లేది సరిగ్గా ఇక్కడే. నిజానికి జూలో మైలోను గొరిల్లా గొంతు నులిమి చంపడం అప్పటికే అయిపోయింది. తర్వాత జీరాకు మత్తుసూది వేసి, మనుషులను కోసి తాను చేసిన ప్రయోగాల గురించి చెప్పిస్తారు. ఆమె కడుపులోని బిడ్డను తీసేయాలని, ఇద్దరికీ ఇక పిల్లలు పుట్టకుండా చేయాలని ప్రభుత్వ విచారణ కమిషన్ తీర్మానిస్తుంది. చివర్లో పాడుబడ్డ ఓడ మీద జీరానూ, ఆమె చేతుల్లోని పసికూననూ తుపాకీతో కాలుస్తారు. కార్నీలియస్ కూడా కూలిపోతాడు. చచ్చిన కూనను ఆ తల్లి నీళ్లలోకి జారవిడుస్తుంది. తర్వాత సర్కస్‌లో ఒక మలుపు ఉన్న మాట నిజమే కానీ, ఏడేళ్ల పిల్లకు అది ఓదార్పు కాదు.

సినిమాను తక్కువ చేయడం లేదు. ఆ వరుసలోని పాత ఐదింటిలో, మొదటిదాని తర్వాత ఇదే మేలైనదని నా అభిప్రాయం. ఎదిగిన పిల్లలకు దగ్గర కూర్చుని చూపించాల్సిన సినిమా.

1968 నవంబరులో మొదలైన అమెరికా పద్ధతిలో, ఈ చిత్రం వచ్చేనాటికి ఉన్నవి నాలుగే మెట్లు: జి, జీపీ (పెద్దల సలహాతో), ఆర్ (పిల్లలు పెద్దలతో వస్తేనే), ఎక్స్ (పిల్లలకు ప్రవేశం లేదు). పదమూడేళ్ల వయసుకంటూ ఒక మెట్టు 1984లో గానీ రాలేదు. మన దగ్గర 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీ సంస్థలే యు, యు/ఎ 7+, 13+, 16+, ఎ అని వర్గం నిర్ణయించాలి. తల్లిదండ్రుల తాళం (పేరెంటల్ లాక్) సౌకర్యం తప్పనిసరి అయ్యేది 13+ నుంచే. అంటే పాత 'జి'ని చూసి ఎవరైనా 'యు' అనో 7+ అనో వేస్తే ఆ తాళానికి పనే ఉండదు. అది వేశాం కదా అని ధీమాగా ఉన్న ఇంట్లో కూడా సినిమా నేరుగా పిల్లల ముందుకొస్తుంది.

అందుకే జాబితాలో పేరు పక్కన వయసుతో పాటు కారణం కూడా అచ్చు వేయండి. ఈ చిత్రానికైతే ఇంత చాలు: '13+. పసికూన హత్య, గర్భస్రావం ప్రస్తావన. చివరి పావుగంట పెద్దలు పక్కనుండాలి.' ఈ మాటలు రాసేవారు సినిమాను చివరిదాకా చూసినవారై ఉండాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు