సినిమా పరీక్షలో సినిమా ఏదీ?

సంపాదకులకు,

మీడియా స్టడీస్ అంటే సినిమాలు చూసి పాసైపోయే సబ్జెక్టని ఆ మధ్య మీ పత్రికలోనే ఒక పాఠకుడు వెటకారం చేశారు. ఆయన మా ఇంట్లో రెండు రోజులుంటే ఆ మాట వెనక్కి తీసుకునేవారు. మా అమ్మాయికి వచ్చే వారం యాక్షన్ అడ్వెంచర్ సినిమాల మీద పేపరుంది. రివిజన్ మొదలుపెట్టి పది రోజులైంది. ఈ పది రోజుల్లో తను ఒక్క సినిమా చూస్తే ఒట్టు.

మరేం చేస్తోందంటే, బట్టీ పడుతోంది. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తూ "లో యాంగిల్ షాట్ హీరో బలాన్ని సూచిస్తుంది, హై యాంగిల్ షాట్ నిస్సహాయతను సూచిస్తుంది" అని ఎక్కాల్లా వల్లె వేస్తోంది. (కెమెరా కింద నుంచి పైకి చూస్తే లో యాంగిల్, పై నుంచి కిందికి చూస్తే హై యాంగిల్.) గైడులో ఇంకో వాక్యముంది: "యాక్షన్ సన్నివేశాల్లో వేగవంతమైన నేపథ్య సంగీతం ఉత్కంఠను పెంచుతుంది." వినీ వినీ ఇది నాకే నోటికి వచ్చేసింది.

మొన్న రాత్రి ఉండబట్టలేక గైడు మూయించి, 1959లో హిచ్‌కాక్ తీసిన 'నార్త్ బై నార్త్‌వెస్ట్'లో విమానం తరిమే సీన్ పెట్టాను. పట్టపగలు. చుట్టూ బోసి పొలాలు, రోడ్డు పక్కన సూటు వేసుకున్న మనిషి ఒక్కడు. ఒక కారొస్తుంది, పోతుంది. ఇంకోటి వస్తుంది, అదీ పోతుంది. చాలాసేపు ఏమీ జరగదు. దూరంగా మందు చల్లే విమానం ఒకటి తిరుగుతూ ఉంటుంది. కాసేపటికి అదే అతని మీదికి దిగుతుంది. సీన్ సగంలో మా అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుని, "అమ్మా, మ్యూజిక్ ఏదీ?" అంది. లేదు. విమానం వెళ్లి ట్యాంకర్‌ను గుద్దుకునేదాకా సంగీతం ఊసే ఉండదు. టైర్ల చప్పుడు, ఇంజన్ రొద, అంతే. వెనక్కి తిప్పి మళ్లీ చూసింది. మూడోసారి కళ్లు మూసుకుని విన్నది. ఆ తర్వాత నోట్సులో ఇలా రాసుకుంది: "విమానం కనపడనప్పుడు కూడా వినపడుతోంది. మ్యూజిక్ పెట్టి ఉంటే అది ఎంత దగ్గరికొచ్చిందో మనకు తెలిసేది కాదు."

గైడులో ఎక్కడా లేని మాట ఇది. దీనికి మార్కులు పడతాయా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. పాత పేపర్లు తిరగేశాను. నిర్వచించండి, పేర్కొనండి, లక్షణాలు రాయండి. ఏడాది మారినా అవే ప్రశ్నలు.

కథల నిర్మాణాన్ని పరిశీలించిన రష్యన్ పండితుడు వ్లాదిమీర్ ప్రాప్ సిద్ధాంతం సంగతీ అంతే. రష్యన్ జానపద కథలను విడదీసి చూసి 1928లో ఆయన 31 ఘట్టాలు, 7 రకాల పాత్రలు తేల్చారు. ఆ ఏడు పాత్రలూ మా అమ్మాయి నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. సరే, ఆ ఏడింట్లో ఒకటైన సహాయకుడు నువ్వు చూసిన సినిమాల్లో ఎవరో చెప్పు అన్నాను. ఆలోచించి, "ఒక దాంట్లో సగం దాకా సాయం చేసినవాడే తర్వాత విలనయ్యాడు, వాణ్ని ఎందులో వెయ్యాలి?" అని ఎదురు ప్రశ్న వేసింది. ఒకే మనిషి ఒకటికి మించిన పాత్రలు పోషించవచ్చని ప్రాప్ అప్పుడే రాశారు. గైడు రాసినాయన అంతదాకా చదివినట్టు లేరు.

నా కోరిక ఒక్కటే. పరీక్ష హాల్లో తెర కట్టి, పిల్లలు ముందుగా సిద్ధమై రాని సినిమా నుంచి నాలుగు నిమిషాల ముక్క చూపించండి. ఒకసారి ఊరికే చూడనివ్వండి, తర్వాత నోట్సు రాసుకుంటూ ఇంకో రెండు మూడుసార్లు. కట్ (ఒక షాట్ ఆగి ఇంకోటి మొదలయ్యే చోటు) అక్కడే ఎందుకు పడింది, ఆ శబ్దం ఎందుకొచ్చింది అని అడగండి. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. బ్రిటన్‌లో జీసీఎస్ఈ (మన పదో తరగతి లాంటి పరీక్ష) మీడియా స్టడీస్ పిల్లలకు కొన్నేళ్లపాటు యాక్షన్ అడ్వెంచర్ సినిమా ముక్క హాల్లోనే చూపించి జవాబులు రాయించారు. వెనక బెంచీవాళ్లకు సరిగ్గా వినపడదంటారా? భాషల పరీక్షల్లో వినికిడి భాగం స్పీకరు పెట్టే జరుపుతున్నారు కదా.

అప్పుడు రివిజన్ దానంతటదే మారుతుంది. 'రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్'లో హీరో వెనక దొర్లుకుంటూ వచ్చే బండరాయి చప్పుడు, నిజానికి ఇంజన్ ఆపేసిన కారు కంకర మీద దొర్లుతుంటే రికార్డు చేసింది. నిన్న ఈ సంగతి చెప్పగానే మా అమ్మాయి ఆ సీన్ వెతికి, బొమ్మ కనపడకుండా ఫోన్ బోర్లించి మరీ విన్నది. చదువంటే అదే అనుకున్నాను. పావుగంటకే టెన్షన్ పట్టుకుని మళ్లీ గైడు తీసింది.

పరీక్షలో మ్యూజిక్ గురించి అడిగితే ఏం రాస్తావన్నాను. గైడులో ఉన్నదే రాస్తానంది. వద్దనే ధైర్యం నాకూ లేకపోయింది.

ఇట్లు,
ఒక విద్యార్థిని తల్లి