గొడ్లచావిడి పిల్లినీ లెక్కలోకి తీసుకోండి

సంపాదకులు గారికి,

నమస్కారం. వరికోతలు ముగిసి ధాన్యం ఇంటికి చేరే రోజులు వచ్చాయంటే మా కోవూరు ప్రాంతపు పల్లెల్లో ఎలుకల మందు ప్రస్తావన మొదలవుతుంది. ఎలుకలను అదుపులో పెట్టవలసిందే, అందులో రెండో మాట లేదు. గాదెలో ధాన్యాన్ని, వామిలో గడ్డిని పాడుచేయడమే కాక, వాటి మూత్రం కలిసిన నీటి వల్ల మనుషులకూ పశువులకూ ఎలుక జ్వరం సోకుతుంది. అయితే మందు పెట్టే తీరులో జాగ్రత్త లేకపోవడంతో, ఏడాది పొడవునా జీతం బత్తెం లేకుండా అదే పని చేసిపెడుతున్న గొడ్లచావిడి పిల్లి కూడా ఎలుకలతో పాటే చచ్చిపోతున్నది. ఈ సంగతిని మీ పత్రిక ద్వారా వ్యవసాయ, పశుసంవర్ధక శాఖల అధికారుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

సామూహిక ఎలుకల నివారణలో వాడే బ్రోమాడయోలోన్ ఎరను నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, మందు 2 పాళ్లు కలిపి తయారు చేస్తారు. దాన్ని తిన్న ఎలుక అప్పటికప్పుడు చావదు. రక్తం గడ్డకట్టే గుణం పోయి, లోలోపల రక్తం కారి, కొన్ని రోజులకు చస్తుంది. ఆ నడుమ అది పట్టపగలే కన్నంలోంచి బయటికి వచ్చి, కుడితి తొట్టి పక్కన తూలుతూ, అలికిడి విన్నా పరుగెత్తలేక గోడవారగా దేకుతూ ఉంటుంది. పిల్లికి అంతకంటే సులువైన వేట దొరకదు. అటువంటి ఎలుకలను వరుసగా తింటే విషం పిల్లి ఒంట్లోనూ పేరుకుంటుంది. చిగుళ్లు తెల్లగా పాలిపోయినా, ముక్కు వెంట రక్తం వచ్చినా, మూల ముడుచుకుని పడుకున్నది లేవకపోయినా ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి చూపించాలి. విటమిన్ కె1 దీనికి విరుగుడు, కాకపోతే దాన్ని వారాల తరబడి వాడవలసి వస్తుంది. జింక్ ఫాస్ఫైడ్ అనే మరో ఎలుకల మందు సంగతి వేరు. అది కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ వాయువుగా మారుతుంది, దానికి విరుగుడే లేదు. పశువులు, పిల్లలు, కోళ్లు తిరిగే చావిడిలో ఆ మందు పెట్టవద్దని మందు చేతికిచ్చేటప్పుడే గట్టిగా చెప్పాలి.

మందు పొట్లాలు పంచి ఊరుకుంటే సరిపోదు. ఏ రోజున ఎర పెడుతున్నారో ముందురోజే ఊళ్లో దండోరా వేయించాలి. పొట్లం కన్నం లోపలికి పోయేలా పెట్టి మట్టితో మూయాలి గాని, బస్తాల సందుల్లో నూకలు వెదజల్లకూడదు. తరువాతి వారం పది రోజులు పొద్దున్నే చావిడి, వామి చుట్టూ చూసి, చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పాతిపెట్టాలి. అసలు విషంతో పని లేని దారి మన జిల్లాలోనే ఉంది. కుండతో కన్నంలోకి పొగపెట్టి ఎలుకలను పట్టడంలో యానాదులకు ఉన్న నేర్పు ఈ ప్రాంతపు రైతులందరికీ తెలుసు. ఎలుకల నివారణకు ఖర్చుపెట్టే సొమ్ములో కొంత వారికి న్యాయమైన కూలిగా ఇచ్చి, ఇళ్ల చుట్టూ, చావిళ్లలో ఆ పద్ధతినే వాడించమని అధికారులను కోరుతున్నాను. పిల్లికి లొంగని పందికొక్కులకు కూడా అదే సరైన మార్గం.

ఎలుకల మందును గురించి కొంతైనా వింటాము గాని, పిడుదుల మందును గురించి ఎవరూ చెప్పగా నేను వినలేదు. పశువుల మీద, చావిడి గోడల మీద కొట్టే సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటి మందులను సరైన మోతాదులో వాడితే గేదెకు హాని లేదు. పిల్లి శరీరానికి మాత్రం వాటిని విరిచి బయటికి పంపే శక్తి చాలా తక్కువ. తడి ఆరని దూడ పక్కన వెచ్చగా పడుకుని, ఆ తరువాత తన ఒళ్లు తాను నాకుకున్న పిల్లికి చొంగ కారుతుంది, ఒళ్లు వణుకుతుంది, మూర్ఛ కూడా రావచ్చు. మందు కొట్టిన పూట అంతా ఆరే దాకా పిల్లిని వేరే గదిలో ఉంచితే చాలు. జ్వరమని మనుషులు వాడే పారాసిటమాల్ ఇవ్వడం ఇంకా ప్రమాదం, ఒక్క మాత్ర చాలు దాని ప్రాణం తీయడానికి.

తిండి పెడితే పిల్లి ఎలుకలు పట్టదని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. వేట పిల్లికి పుట్టుకతో వచ్చిన గుణం, కడుపు నిండినా అది వేటాడుతుంది. ఆకలితో ఉన్న పిల్లి చావిడి విడిచి ఊరంతా తిరుగుతుంది, రోడ్డు మీద బండ్ల కింద పడుతుంది. రోజుకు రెండు పూటలా చేప ముక్కలో గుడ్డో కలిపిన అన్నం పెడితే చావిడినే అంటిపెట్టుకుని ఉంటుంది. పాలు చాలా పిల్లులకు అరగవు, మంచినీళ్లే ముఖ్యం. రోహిణి కార్తెలో రేకుల చావిడి ఎంత కాగుతుందో పశువులున్నవారికి చెప్పనక్కరలేదు. నీడపట్టున వెడల్పాటి మట్టి మూకుడులో నీళ్లు పోసి రెండు పూటలా మార్చాలి. కుడితి తొట్టిలోకి దిగిన పిల్లికూన పైకి రాలేదు కనుక, తొట్టి మీద తడిక గాని చెక్క గాని వేయాలి.

మనకు అసలు వానలు ఆశ్వయుజ, కార్తీకాల్లోనే. 2021 నవంబరులో పెన్నా వరద మా మండలంలోకి వచ్చినప్పుడు, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు పశువులను మెరకకు తోలే తొందరలో పిల్లి ఎవరికీ గుర్తు రాలేదు. దూలాల మీద నాలుగు చెక్కలు పరిచి పొడి గోతం వేసి, ఎక్కడానికి ఒక నిచ్చెన ఆనిస్తే నీళ్లు వచ్చినా అది పైకి చేరుకోగలదు. ధనుర్మాసపు చలికి పిల్లులు ట్రాక్టరు ఇంజను వెచ్చదనం కోసం బానెట్ కింద దూరతాయి, కాబట్టి స్టార్ట్ చేసే ముందు బానెట్ మీద చరచాలి. టంగుటూరు, కొండపి వైపు పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్లున్నవారు నిప్పు పెట్టే ముందు లోపల ఒకసారి చూడాలి. లోపలి వేడి 70 డిగ్రీల దాకా పోతుంది.

ఆడపిల్లి ఆరు నెలలైనా నిండకుండానే చూలు కట్టగలదు. రెండు నెలలకు ఈనుతుంది, ఏడాదికి రెండు మూడు ఈతలు. సాకలేనివారు కూనలను గోనెసంచిలో కట్టి కాలువ గట్టున వదిలేస్తున్నారు. ఆకలిదప్పులతో మాడేలా జంతువును వదిలివేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. అయితే పిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసే చోటు దగ్గరలో లేకుండా ఆ రైతును ఒక్కడినే తప్పుపట్టలేము. మండల పశువైద్యశాలల్లో నెలకొక రోజును ఇందుకు కేటాయించాలి. జూలై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే రోగాల) దినోత్సవం సందర్భంగా కుక్కలకు ఉచితంగా వేసే రేబిస్ టీకాను మూడు నెలలు దాటిన పిల్లులకు కూడా వేయాలి, ఎందుకంటే పిల్లి కరిచినా రేబిస్ వస్తుంది. ఈ ఏడాది శిబిరాల కరపత్రాల్లో కుక్కలతో పాటు పిల్లుల మాట కూడా అచ్చు వేయించి, పిల్లులను గంపలో మూతపెట్టి తీసుకురమ్మని రైతు సేవా కేంద్రాల సిబ్బంది చేత ముందుగానే చెప్పించవలసిందిగా పశుసంవర్ధక శాఖ వారిని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాడి రైతు,
కోవూరు మండలం, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా