సీతాకోకచిలుకల మొక్కలకు మన నీరు, మన కార్తెలు చూసి సలహా ఇవ్వండి

సంపాదకుల వారికి,

నమస్కారాలు. మీ ఆదివారం అనుబంధంలో ఇంటితోటల గురించి వచ్చే శీర్షికను నేను క్రమం తప్పకుండా చదువుతాను. సీతాకోకచిలుకలను రప్పించే బహువార్షిక మొక్కల గురించి అందులో వచ్చిన సూచనలు చూసి మా కావలిలో పలువురు ఉత్సాహంగా నూరువరహాలు, పెంటాస్, ఎర్రపూల ఆస్‌క్లెపియాస్ తెచ్చి నాటుకున్నారు. ఏడాది తిరిగేసరికి వాటిలో చాలావరకు పాలిపోయాయి, కొన్ని పూర్తిగా ఎండిపోయాయి. ఆ సూచనలు సముద్రతీరపు దక్షిణ జిల్లాల నీటినీ, వానల కాలాన్నీ లెక్కలోకి తీసుకోకుండా రాసినవి కావడమే ఇందుకు ప్రధాన కారణమని నా అభిప్రాయం.

మొదట కాలం సంగతి. మృగశిర కార్తెలో తొలకరి పడగానే మొక్కలు నాటుకోవాలన్న సలహా తెలంగాణకు చక్కగా సరిపోతుంది. నెల్లూరు జిల్లాలో జూన్ నెల ఇంకా ఎండాకాలమే. పడమటి గాలి లేత ఆకును నిలువునా వడిలిస్తుంది. మనకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపు ఈశాన్య రుతుపవనాలతోనూ వాయుగుండాలతోనూ కురుస్తుంది కాబట్టి, సెప్టెంబరు చివర హస్త కార్తె నాటికి నాటిన మొక్క స్వాతి వానలు ముంచెత్తేలోపు వేరు పట్టుకుంటుంది. పెరట్లో నీరు నిలిచేవారు సంక్రాంతి దాకా ఆగడం మేలు. నాటే పద్ధతిలోనూ ఒక జాగ్రత్త అవసరం. నర్సరీ మొక్క తరచుగా బంకమట్టి ముద్దతో వస్తుంది. దానిని తీరప్రాంతపు ఇసుక నేలలో అలాగే పాతితే పోసిన నీరంతా చుట్టూ ఉన్న ఇసుకలోకి జారిపోయి, ముద్ద లోపలి వేర్లు పొడిగానే ఉండిపోతాయి. నేల తడిగా ఉన్నా మొక్క ఎందుకు వాడిపోతోందో ఇంటివారికి అంతుబట్టదు. నాటే ముందు ముద్దను బకెట్టు నీటిలో నానబెట్టి, అంచుల మట్టిని వేళ్లతో వదులు చేసి, గుంటలో పశువుల ఎరువు కలిపిన మట్టి వేస్తే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

అన్నింటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు నూరువరహాల గురించే. కొత్త ఆకులు పసుపు బారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి, పూలగుత్తులు చిన్నవైపోతాయి, చివరకు కొమ్మలు పైనుంచి ఎండుతూ వస్తాయి. చాలామంది దీనిని బలహీనతగా భావించి యూరియా వేస్తారు. నత్రజని లోపమైతే ముందుగా పసుపు బారేవి ముదురు ఆకులు. లేత ఆకులు పసుపు బారుతున్నాయంటే అది ఇనుప ధాతువు లోపం. నూరువరహాలకు కాస్త ఆమ్లగుణం ఉన్న నేల కావాలి. మన బోరునీటిలో బైకార్బనేట్లు ఎక్కువగా ఉంటే ఆ నీరు పోసేకొద్దీ నేల క్షారగుణానికి మారుతుంది. అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా వేరు దానిని తీసుకోలేదు. కొత్తగా కట్టిన గోడ పక్కన, సిమెంటు, సున్నం రాలిన చోట ఈ లోపం మరింత త్వరగా కనిపిస్తుంది. నిమ్మ రైతులకు, వేరుశనగ రైతులకు దీని విరుగుడు బాగా తెలుసు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, సాయంత్రం పూట ఆకులు తడిసేలా పిచికారి చేసి, వారం పది రోజుల తర్వాత మరోసారి చేస్తే కొత్త చిగురు పచ్చగా వస్తుంది. అయితే నీరు మారనంతకాలం ఆ లోపం మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. అందువల్ల ఈశాన్య వానల్లో డాబా మీది నీటిని డ్రమ్ములకు పట్టి, కనీసం ఈ ఒక్క మొక్కకైనా దాచిపెట్టి పోయడం మంచిది.

ఆకుల అంచులు మాడి గోధుమరంగుకు తిరగడం వేరే జబ్బు. అది ఉప్పునీటి వల్ల వస్తుంది. కుండీ అంచున తెల్లటి పొర కట్టిందంటే లోపల ఉప్పు పేరుకుందని అర్థం. రోజూ చెంబుడు నీళ్లు పోసేవారి కుండీల్లోనే ఇది ఎక్కువ; అప్పుడప్పుడు అడుగు రంధ్రం గుండా ధారగా కారేదాకా మంచి నీరు పోసి ఆ ఉప్పును కడిగేయాలి. ఉప్పు మరీ ఎక్కువగా ఉన్న ఇళ్లవారు ఎర్ర గన్నేరును నమ్ముకోవచ్చు. అది ఉప్పును తట్టుకోవడమే కాక, కామన్ క్రో అనే నల్లని సీతాకోకచిలుక పిల్లలకు ఆహారమవుతుంది. గన్నేరు మొక్క అంతా విషమే కాబట్టి చిన్నపిల్లలు, పశువులు ఉన్న ఇళ్లలో దానిని దూరంగా ఉంచాలి. పెంటాస్ విషయానికి వస్తే, వానల్లో వేరుకుళ్లు, వేసవిలో ఎర్రనల్లి దాని రెండు శత్రువులు. గట్టు ఎత్తు చేసి నాటి, మధ్యాహ్నపు నీడ ఇచ్చి, ఆకుల అడుగుభాగాన్ని నీటి ధారతో కడుగుతూ ఉంటే నిలుస్తుంది.

నాకు ఎక్కువ బాధ కలిగించేది పురుగుమందుల సంగతి. ఆస్‌క్లెపియాస్ జిల్లేడు కుటుంబపు మొక్క. దాని కాడలకు పసుపు రంగు పేనుబంక పట్టగానే ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు కొట్టేవారు ఉన్నారు. అది అంతర్వాహిక మందు, అంటే మొక్క లోపలంతా పాకేది. ఆకులోకీ, పువ్వులోని తేనెలోకీ చేరి, అదే ఆకు తినవలసిన ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక గొంగళిని చంపుతుంది. పేనుబంకను నీటి ధారతో రాల్చవచ్చు, చేతొడుగు వేసుకుని నలిపివేయవచ్చు. ఆ మొక్క నుంచి కారే పాలు కంట్లో పడకుండా చూసుకోవాలి. వేపనూనె సహజమైనదే కదా అని ధైర్యంగా చల్లుతారు, కానీ అది కూడా గొంగళి కుబుసం విడవకుండా అడ్డుకుంటుంది. కరివేపాకు మీద పక్షి రెట్టలా కనిపించి, తరువాత ఆకుపచ్చగా మారే పురుగే పెద్దదై నిమ్మ సీతాకోకచిలుక అవుతుంది. పొదలకూరు, రాపూరు వైపు నిమ్మతోటల్లో లేత మొక్కలకు అది నిజంగానే నష్టం చేస్తుంది, అక్కడ రైతు దానిని ఏరివేయక తప్పదు. ఇంటి పెరట్లో ఏపుగా పెరిగిన కరివేప చెట్టు నాలుగు రెమ్మలు పోగొట్టుకున్నా మళ్లీ చిగురిస్తుంది. ఆకులకు చిల్లులు పడటాన్ని తెగులుగా చూడవద్దని తోటలు పెంచేవారిని వేడుకుంటున్నాను.

చల్లని ప్రాంతాల బడ్లియా, లావెండర్ మొక్కలను మన రోహిణి కార్తె ఎండకు అప్పగించే బదులు, కాంపౌండు గోడ వెంట తంగేడు వేసుకుంటే ఎమిగ్రెంట్ జాతి సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. దారి పక్క గడ్డిచామంతిని పీకకుండా వదిలినా చిన్న చిన్న రకాలు తేనెకు వస్తాయి. లాంటానాను మాత్రం, ఎన్ని సీతాకోకచిలుకలు వాలినా సరే, కొత్తగా నాటవద్దు. అది అడవుల్లోకి పాకి పశువుల మేతను మింగేస్తున్న మొక్క.

మీ శీర్షికలో మొక్క పేరుతో పాటు దక్షిణ కోస్తాకు తగిన నాటే నెలను వేరుగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. నెల్లూరు, దర్శి కృషి విజ్ఞాన కేంద్రాల శాస్త్రవేత్తలను అడిగి, ఇంటి బోరునీటిని, మట్టిని ఎక్కడ ఎలా పరీక్ష చేయించుకోవాలో ఒకసారి వివరంగా రాయించండి. ఏదైనా మందును సూచించినప్పుడు అది గొంగళి పురుగులకు ఏమి చేస్తుందో కూడా ఆ పక్కనే తెలియజేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కావలి, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా